తెలియనివాళ్లు నిలబడాలి

మా కాలేజీ స్టాఫ్ రూములో ఈ మధ్య కుర్చీలు మార్చారు. పాతవి చెక్కవి. ఎక్కడ పెడితే అక్కడ ఉండేవి, కుర్చీ నుంచి మనిషి కోరుకునేది కూడా అంతే. కొత్తవాటికి చక్రాలున్నాయి. మనం కూర్చోబోయే సమయానికి అవి రెండడుగులు వెనక్కి తగ్గుతాయి. ఇప్పటికి ఇద్దరం నేలమీద కూర్చున్నాం. మొదటాయన ఫిజిక్సు చెప్పేవారు కనక ఎందుకు పడ్డారో వెంటనే వివరించగలిగారు. రెండోవాణ్ణి నేను. నడుము కాస్త సర్దుకున్నాక, పాత కుర్చీలు ఏమయ్యాయో తెలుసుకోగోరుతూ ప్రిన్సిపాలుగారికి ఒక ఉత్తరం రాశాను. జవాబు రాలేదు.

జవాబు రాకపోవడం నాకు కొత్తేమీ కాదు. పదిహేనేళ్లుగా తాడేపల్లిగూడెంలో ఇంజనీరింగు పిల్లలకు పాఠాలు చెబుతున్నాను. ప్రతి క్లాసు చివరా డస్టరు చేతిలోకి తీసుకుని ‘ఎనీ డౌట్స్?’ అంటాను. డస్టరు తీసుకున్నాక అడిగే ఆ మాటకు ఇక వెళ్దామని అర్థం. అది నాకూ తెలుసు, వాళ్లకూ తెలుసు. ఎవరూ ఏమీ అడగరు, ఇరుపక్షాలూ సంతోషంగా విడిపోతాం. ఎప్పుడైనా ఒకడు పొరపాటున అడిగినా, నేను గొంతు సవరించుకునేలోపు పక్కవాడు ఫోనులో చూసి చెప్పేస్తాడు. నా క్లాసులో ఒక ప్రశ్న జవాబు లేకుండా బతికి ఉండేది మహా అయితే పది సెకన్లు. మా ఎస్తేరు టీచరుగారి క్లాసులో ఒక ప్రశ్న పదిహేడు రోజులు బతికింది. దాని వెనకాలే వచ్చిన ఇంకో ప్రశ్న అంతకంటే చాలా ఎక్కువే బతికింది. ఆ రెండోదాని గురించి నేను ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

ఆవిడ పోయారన్న కబురు నాకు ఫోనులోనే వచ్చింది, కింద పదిమంది పెట్టిన దండాల బొమ్మలతో సహా. ఏలూరులో వాళ్ల చెల్లెలుగారి ఇంటి దగ్గర ఆవిణ్ణి తలుచుకోవడానికి ఆదరణ కూడిక పెట్టారనీ, పాత విద్యార్థులు ఎవరైనా వస్తే రెండు మాటలు చెప్పవచ్చనీ ఉంది. పొద్దున్నే ప్యాసింజరు ఎక్కాను. భీమడోలు దగ్గర బండి ఎప్పట్లాగే దేనికోసమో ఆగింది. కిటికీలోంచి ఒక చేపల చెరువు కనబడింది. నీళ్లు ఆకుపచ్చగా, చిక్కగా ఉన్నాయి. నా పక్కన కూర్చున్న పెద్దాయన ‘ఎంత బాగున్నాయండీ నీళ్లు’ అన్నారు. నేను కిటికీ తలుపు దించేశాను.

గణపవరంలో బస్సు దిగి, కాలవగట్టు మీద ఓపికున్నంత దూరం నడిచి, ఓపిక అయిపోయాక ఇంకాస్త నడిస్తే మా ఊరు వచ్చేది. ఊరికి ఒక పక్క వరి, మిగతా మూడు పక్కలా చేపల చెరువులు, వాటికి అవతల కొల్లేరు. బడి మాత్రం దొరల కాలంలో కట్టిన మిషను బడి. మందపాటి గోడలు, ఎత్తు కిటికీలు, పెంకుల సందుల్లో పావురాలు. ఆ బడిలో జవాబు రాని ప్రశ్నకు ఒక్కో మాస్టారిది ఒక్కో వైద్యం. లెక్కల మాస్టారు ప్రశ్న వేసి వేలు చూపించేవారు. రాకపోతే ‘నెక్స్ట్’ అనేవారు. ఆ నెక్స్టు బెంచీల మీదుగా ప్రయాణం చేసి చివరి గోడకు తగిలి ఆగేది. ఆయన గోడవైపు కూడా ఒకసారి ఆశగా చూసి, అదీ చెప్పదని రూఢి చేసుకుని, బోర్డు వైపు తిరిగేవారు. సోషల్ మాస్టారికి పిల్లల్ని ఇబ్బంది పెట్టడం ఇష్టం లేదు. ప్రశ్న వేసి, ఊపిరి తీసుకోకుండా జవాబూ ఆయనే చెప్పి, శభాష్ కూడా ఆయనే అనుకునేవారు. ఇంగ్లీషు మాస్టారిని మనమేదైనా అడిగితే ‘గుడ్ క్వశ్చన్, రేపు చెప్తాను’ అనేవారు. మేం బడి వదిలేవరకూ ఆ రేపు రాలేదు.

ఎస్తేరు టీచరుగారు సైన్సు చెప్పేవారు. పొట్టి మనిషి, నూలు చీర, ఎండైనా వానైనా చేతిలో నల్లగొడుగు. ఆవిడ వరండా చివర ఉండగానే మోకాళ్లకు రాసుకున్న నొప్పుల తైలం వాసన క్లాసులోకి ముందుగా వచ్చి కూర్చునేది. ఆ మోకాళ్ల వల్లే ఆవిడ కుర్చీలో కూర్చుని పాఠం చెప్పేవారు, బోర్డు మీద బొమ్మ వెయ్యాల్సినప్పుడు మాత్రం బల్ల పట్టుకుని లేచేవారు. బెత్తం లేదు, తిట్టు లేదు. ఒకే ఒక్క పద్ధతి. ప్రశ్న వేస్తారు. తెలియనివాళ్లు నిలబడాలి. తెలిశాక కూర్చోవాలి. అది శిక్ష కాదని ఆవిడ మొదటిరోజే చెప్పారు. ‘కూర్చుంటే తెలియదన్న సంగతి మర్చిపోతామర్రా. నిలబడితే కాళ్లు గుర్తు చేస్తుంటాయి’ అన్నారు. ప్రశ్న వేశాక ఆవిడ తొందరపడేవారు కాదు. కిటికీలోంచి పావురాలను చూసేవారు. ఆ నిశ్శబ్దం ఎంత పొడుగ్గా ఉండేదంటే, జవాబు తెలిసినవాడు కూడా తనకు నిజంగా తెలుసా అని అనుమానించుకుని మళ్లీ లేచి నిలబడేవాడు. నేను చాలాసార్లు అలా నిలబడ్డాను. తెలియకే అనుకోండి.

మా ఇంట్లో అన్నిటికీ తవుడు వాసన ఉండేది. చెరువులో చేపలకు వేసే తవుడు బస్తాలు ముందుగదిలో దూలాల దాకా పేర్చి ఉండేవి. మా నాయనమ్మ కాఫీ గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని ‘ఇది కూడా చేపలకేనేంట్రా?’ అని రోజూ అడిగేది. మా నాన్న ఏలూరులో చిన్న ఉద్యోగం చేస్తూ ఆదివారాలు వచ్చి వెళ్లేవాడు. మిగతా ఆరు రోజులూ నాకు తండ్రి మా బాబాయే. నన్ను ఈతకని నీళ్లలోకి తోసిందీ, తేల్చిందీ ఆయనే. మొహానికి పౌడరు, చొక్కాకు డీజిలు వాసన. కొత్తగా కొన్న సెల్‌ఫోను పట్టుకుని సిగ్నల్ కోసం డాబా ఎక్కి, ఊరందరికీ వినబడేలా రహస్యాలు మాట్లాడేవాడు. ఇంకో ఐదుగురు వాటాదార్లతో కలిసి రెండు చెరువులు చేసేవాడు. ఊరికి దగ్గరగా ఉన్నదాన్ని ఇస్సాకు కాపలా కాసేవాడు. గట్టు మీదే పాక, పాకలో భార్య, కూతురు దయామణి. దయామణి నాతోపాటే తొమ్మిదో తరగతి. తవుడు సంచులు నీళ్లలో కర్రలకు కట్టడంలో తండ్రికి సాయం చేసి, తలకు కాస్త నూనె రాసుకుని, సరిగ్గా బెల్లుకు వచ్చేది.

ఒకరోజు మొక్కలు ఆహారం తయారుచేసుకునే పాఠం. ఆకుపచ్చగా ఉన్నవన్నీ ఎండలో ఆక్సిజన్ ఇస్తాయని టీచరుగారు చెప్పి ‘ఏవైనా అడగాలా?’ అన్నారు. ఆవిడ చేతిలో డస్టరు లేదు. దయామణి లేచింది.

‘టీచరుగారండీ, మా చెరువులో నీళ్లు పచ్చగా ఉంటాయండి. అంటే ఆక్సిజన్ ఎక్కువుండాలి కదండీ? మరి ఎంత పచ్చగా ఉంటే అంత ఎక్కువగా చేపలు పొద్దున్నే పైకి తేలి నోళ్లు తెరుస్తాయండి. గాలాడక చచ్చిపోతాయండి కూడా. ఎందుకండీ?’

‘నీకు గుడ్మార్నింగ్ చెప్పడానికి’ అన్నాను నేను. క్లాసంతా నవ్వింది. నేను ఆ క్లాసులో ఉన్నదే అందుకని అప్పట్లో నా అభిప్రాయం.

టీచరుగారు నవ్వలేదు. కిటికీలోంచి బయటకు చూశారు. చాలాసేపు చూశారు. పావురాలు కూడా సర్దుకుని కూర్చున్నాయి. తర్వాత ‘నాకు తెలియదమ్మా’ అన్నారు.

ఆ మాట మేం ఏ టీచరు నోటా వినలేదు. దాని అర్థం మా బుర్రల్లోకి ఎక్కేలోపే ఆవిడ బల్ల పట్టుకుని లేచారు. కుర్చీని గోడ దాకా నెట్టారు. వచ్చి బోర్డు పక్కన నిలబడి మిగతా పాఠం చెప్పారు. మర్నాడూ నిలబడే చెప్పారు. ఆ మర్నాడు మా లీడరు కుర్చీ తుడిచి బల్ల దగ్గర పెడితే, ‘నాకింకా తెలియలేదు నాన్నా’ అని మళ్లీ గోడ దగ్గర పెట్టించారు. అప్పుడు మాకు అర్థమైంది. నవ్వు దానంతటదే ఆగిపోయింది. మధ్యాహ్నానికి ఆవిడ పాదాలు చెప్పుల పట్టీల మధ్య ఉబ్బి కనబడేవి. ఒక కాలి మీద బరువు వేసి, కాసేపటికి ఇంకో కాలి మీదకు మార్చుకునేవారు. పెద్దవాళ్లు తమ రూల్సు తమకే పెట్టుకుంటారని నాకు పద్నాలుగేళ్లు వచ్చేదాకా ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు నలభై దగ్గరపడింది. ఇంకొకరెవరూ కనబడలేదు.

మా ఇంట్లో చెబితే నాయనమ్మ ‘ఆవిడ నిలబడితే నీ కాళ్లు లాగుతున్నాయేంట్రా?’ అంది. నిజానికి లాగుతున్నాయి.

టీచరుగారు శనివారం బస్సెక్కి ఏలూరు వెళ్లి ఒక కాలేజీ లెక్చరరుగారిని అడిగారు. ఆయన ఎంతో మర్యాదగా టీ ఇప్పించి, అది మీ సిలబస్‌లో లేదు కదండీ అన్నారట. ఆ సంగతి ఆవిడ మాకు యథాతథంగా చెప్పి, ‘చేపలకు సిలబస్ తెలియదనుకుంటానర్రా’ అన్నారు. తర్వాతి వారం మమ్మల్ని తెల్లవారుజామునే చెరువు దగ్గరకు రమ్మన్నారు.

ఆ చెరువు పక్కనే పుట్టిపెరిగాను. అయినా ఆ వేళకు ఎప్పుడూ చూడలేదు. మంచు నీళ్ల మీద పాకుతోంది. తూర్పున ఇంకా రంగు రాలేదు. మొదట ఏమీ కనబడలేదు, చప్పుడు మాత్రం వినబడింది. సన్నగా, తడిగా, వెయ్యిమంది ముసలివాళ్లు ఒక్కసారిగా పాలు చప్పరిస్తున్నట్టు. కాస్త వెలుతురు వచ్చాక చూస్తే, ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా నీళ్ల మీద గుండ్రటి నోళ్లు. తెరుచుకుంటున్నాయి, మూసుకుంటున్నాయి. బొచ్చెలు, శీలావతులు, మా ఇంట్లో పులుసులో తప్ప నేనెన్నడూ పట్టించుకోని చేపలన్నీ తలలు పైకెత్తి ఆకాశాన్ని ఏదో అడుగుతున్నాయి. మేం ముప్పై మందిమి గట్టు అంచుకు జరిగాం. నాకు జోకు తోచలేదు, అది నా చరిత్రలో అరుదు.

ఇస్సాకు తలపాగా తీసి చంకలో పెట్టుకుని టీచరుగారికి దండం పెట్టాడు. ‘గాలి చాలక అండి. ఎందుకు చాలదో నాకు తెల్దండి. ఇదిగో, ఇంజను ఏస్తే సరిపోద్దండి’ అని ఆయిలింజను హ్యాండిలు తిప్పాడు. గొట్టంలోంచి చెరువు నీళ్లే మళ్లీ చెరువులోకి ధారగా దూకాయి. నురగలో గాలి కలిసింది. ఆ ధార కిందకు చేపలన్నీ బారులు తీరి వచ్చాయి. సూర్యుడు పైకొచ్చేసరికి ఒక్కొక్క నోరే మునిగిపోయింది. చివరికి మామూలు చెరువు మిగిలింది. టీచరుగారు నీళ్ల అంచున నిలబడి, దయామణి భుజం మీద చెయ్యి వేసి, ‘ఎంత పెద్ద ప్రశ్న అడిగావే తల్లీ’ అన్నారు. ఆవిడ గొంతులో భయం లాంటిదేదో ఉంది. చర్చిలో పాట మొదలవ్వబోయే ముందు ఉండేలాంటిది.

ఆ తర్వాత ముసురు పట్టింది. మూడు రోజులు ఎండ లేదు. మూడోరోజు సాయంత్రం బాబాయి ట్రాక్టరు వేసుకుని చెరువు దగ్గరకు వెళ్తూ నన్నూ రమ్మన్నాడు. అవతలి చెరువులో చేప పట్టుబడికి వచ్చి ఉంది, మర్నాడు కలకత్తా లారీ వస్తుంది, అక్కడ తేలితే కొంప మునుగుతుంది. ఇంజను ఒక్కటే. ‘ఒక్క రాత్రికేరా చిట్టీ, పొద్దున్నే తెచ్చేద్దాం’ అన్నాడు. ఇస్సాకు ‘ముసురండయ్యా, ఇక్కడా తేలతాయండి’ అన్నాడు. ‘ఏం కాదులే’ అన్నాడు బాబాయి. ముగ్గురం కలిసి ఇంజనును ట్రాక్టరు వెనకున్న ట్రక్కులోకి ఎక్కించాం. చినుకులు పడుతుంటే నేను యూరియా సంచి తలమీద కప్పుకుని ఇంజను మీద కూర్చున్నాను. దారంతా పాటలు పాడాను. ఇంజను మీద సవారీ అంటే అప్పట్లో నాకు విమానంతో సమానం.

ఇంకా చీకటుండగానే ట్రాక్టరు చప్పుడుకు మెలకువ వచ్చింది. బాబాయి ఇంజనును వెనక్కి తీసుకెళ్తున్నాడు. తెల్లారాక కేకలు విని నేను పరిగెత్తుకుంటూ వెళ్లేసరికి ఊరంతా గట్టు మీదే ఉంది. చెరువు తెల్లగా ఉంది. చేపలు పొట్టలు పైకి పెట్టి, ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా. ఇంజను మాత్రం తన స్థానంలో, వానకు తడిసి, అమాయకంగా నిలబడి ఉంది.

వాటాదార్లు ఆ సాయంత్రం మా అరుగు మీద కూర్చున్నారు. మా వైపు మనుషులు ఎంత కఠినమైన మాటనైనా ‘అండీ’ తగిలించి చెబుతారు. వినేవాడికి అది మరీ కష్టం.

‘ఏం ఇస్సాకూ, కునుకు పట్టేసిందా?’ అన్నారు అందరికంటే పెద్దాయన.

‘లేదండయ్యా. ఇంజను లేదండి. ఏం ఎయ్యమంటారండి?’

‘లేకపోవడమేమిటోయ్, పొద్దున మేమంతా చూశాం కదా?’ పెద్దాయన మా బాబాయి వైపు తిరిగారు. ‘ఏవండీ, ఇంజను ఎక్కడుందండీ రాత్రి?’

బాబాయి తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు. ‘అక్కడే ఉందండి’ అన్నాడు.

ఇస్సాకు భార్య ముందుకొచ్చి, ప్రభువు సాక్షిగా ట్రాక్టరులో పట్టుకెళ్లారండి అని ఏడ్చింది. ‘ఇంట్లోవాళ్ల మాట సాక్ష్యం కాదు కదమ్మా’ అన్నారు పెద్దాయన, ఎంతో దయగా. నేను గుమ్మంలో తవుడు బస్తాకు ఆనుకుని నిలబడి ఉన్నాను. నన్నెవరూ అడగలేదు. అడిగి ఉంటే చెప్పేవాణ్ణని చాలా ఏళ్లు అనుకున్నాను. నెలాఖరు దాకా చూసి ఇస్సాకును మానిపించాలని తేలింది. కాపలా పోతే పాక పోతుంది. పాక పోతే దయామణి బడి పోతుంది. ఆ లెక్క మా క్లాసులో అందరికీ వచ్చు.

బడిలో ప్రశ్న ఇంకా నిలబడే ఉంది, దాంతోపాటు టీచరుగారూ. ఇప్పుడావిడ కంగారుగా ఉన్నారు. జవాబు దొరికితే ఇస్సాకు తప్పు కాదని చెప్పవచ్చని ఆవిడ ఆశ. కిరాణా కొట్టులో అడిగి మూడు బిస్కెట్ల సీసాలు తెప్పించారు. రెండిట్లో చెరువు పచ్చనీళ్లు, ఒకదానిలో బోరు నీళ్లు. మూడిట్లో తలో రెండు చేపపిల్లలు. మూతలు బిగించి మైనం పోశారు. పచ్చనీళ్ల సీసా ఒకటి కిటికీలో ఎండకు పెట్టారు. మిగతా రెండిటికీ చుట్టడానికి నల్లగుడ్డ కావాలన్నారు. మేం వెతుకుతుంటే ఆవిడ తన గొడుగు గుడ్డనే కత్తెరతో కోసేశారు. ఆ ఊళ్లో ఆ గొడుగు లేని టీచరుగారిని ఎవరూ చూసి ఉండలేదు. బడి అంతటా అది చేపల సంగతి కన్నా పెద్ద వార్త అయింది.

సాయంత్రం చివరి పీరియడ్‌లో గుడ్డలు విప్పారు. ఎండలో ఉన్న సీసాలో చేపపిల్లలు హాయిగా తిరుగుతున్నాయి. చీకట్లో ఉన్న బోరు నీళ్లలోవి కాస్త నెమ్మదించాయి, అంతే. చీకట్లో ఉన్న పచ్చనీళ్లలోవి పైకి వచ్చి, మూతకు ఆనించి నోళ్లు తెరుస్తున్నాయి. అచ్చం చెరువులో లాగే, చిన్నగా. దయామణి ఎవరినీ అడక్కుండా పరిగెత్తుకెళ్లి మూత ఊడబెరికింది. సీసాను చేతుల్లో పట్టుకుని అలాగే ఉండిపోయింది. ‘వాటిక్కూడా ఊపిరి కావాలండి’ అంది మెల్లగా. ‘ఎండుంటే ఇస్తాయండి. చీకటైతే ఇచ్చింది అవే పీల్చేసుకుంటాయండి. ఎంత పచ్చగా ఉంటే అంత ఎక్కువ పీలుస్తాయండి. ముసురు పడితే అసలు ఇచ్చిందే తక్కువ కదండీ.’

ముప్పై మందిమి ఒక మనిషికి ఏదో తెలుస్తుండగా చూశాం. నేను తర్వాత చాలా క్లాసుల్లో కూర్చున్నాను, చాలా క్లాసులు చెప్పాను. తెలియడం అనే పని కంటికి కనబడింది ఆ ఒక్కసారే. టీచరుగారు గోడ దగ్గరకు నడిచివెళ్లి, కుర్చీ తెచ్చుకుని, కూర్చున్నారు. పదిహేడో రోజు. మేం చప్పట్లు కొట్టాం. హెడ్‌మాస్టారు ఎవరికైనా దెబ్బ తగిలిందేమోనని పరిగెత్తుకొచ్చారు.

ఆ సాయంత్రమే సీసాలు మాచేత మోయించుకుని ఆవిడ మా అరుగు దగ్గరకు వచ్చారు. వాటాదార్లకు అంతా విడమరిచి చెప్పారు. నీళ్లే చేపల్ని చంపాయి, మనిషి కాదన్నారు. పెద్దాయన శ్రద్ధగా విన్నారు. సీసాను ఎత్తి వెలుతురులో చూశారు. ‘చాలా బాగా చెప్పారండి టీచరుగారూ’ అన్నారు. ‘అయితే ఇంజను వేసి ఉంటే బతికేవన్నమాటేగా అండి?’

టీచరుగారు సీసాను ఆయన చేతిలోంచి వెనక్కి తీసుకున్నారు. అవునని ఆవిడే రుజువు చేశారు మరి.

మర్నాడు క్లాసులోకి వచ్చి, మేం తుడిచిపెట్టిన కుర్చీని మళ్లీ గోడ దాకా నెట్టారు. ‘నిన్న ఇంకో ప్రశ్న వచ్చిందర్రా’ అన్నారు. ‘ఆ రాత్రి ఇంజను గట్టు మీద ఉందా, లేదా? నాకు తెలియదు. మీలో ఎవరికైనా తెలిస్తే చెప్పండి.’ అని కిటికీలోంచి బయటకు చూస్తూ నిలబడ్డారు. పీరియడంతా. బెంచీ మీద నా పక్కవాడి ఊపిరి వినబడుతోంది. నేను చేతులు తొడల కింద పెట్టుకున్నాను, అవి వాటంతటవి లేస్తాయేమోనని. బాబాయి నాతో ఏమీ అనలేదు. బెదిరించలేదు, బతిమాలలేదు. వారం రోజులు నా మొహం చూడలేదు, అంతే. నాయనమ్మ రోజూ పెరుగు మీది మీగడ ఆయన కోసం తీసి ఉంచేది. ఒక రాత్రి అన్నాల దగ్గర ఆయన దాన్ని తలెత్తకుండా నా కంచంలోకి జరిపాడు. నేను తిన్నాను. బాగుంది కూడా.

బెల్లు కొట్టారు. టీచరుగారు కూర్చోలేదు. ఆ వారమూ కూర్చోలేదు. నెలాఖరుకు ఇస్సాకు సామాను రిక్షాలో వేసుకుని వెళ్లిపోయాడు. తాడేపల్లిగూడెంలో రైసుమిల్లులో బస్తాలు మోసే పని దొరికిందన్నారు. దయామణి అటెండెన్సులో పేరు మాత్రం కొన్నాళ్లు ఉంది. టీచరుగారు ఆ పేరు పిలిచి, కాసేపు ఆగి, తర్వాతి పేరు పిలిచేవారు. క్రిస్మస్ వెళ్లింది, ఎండలొచ్చాయి. ఆవిడ పాఠాలన్నీ నిలబడే చెప్పారు. ఆ ప్రశ్న మళ్లీ ఒక్కసారి కూడా అడగలేదు, ఎవరి వైపూ ప్రత్యేకంగా చూడలేదు. పరీక్షల ముందు ఆఖరి క్లాసులో బల్ల అంచు పట్టుకుని ‘అందరూ బాగా రాయండర్రా’ అన్నారు. కుర్చీ గోడ దగ్గరే ఉంది. దాని మీద పావురం రెట్ట వేసి ఉంది. పైతరగతిలో మాకు సైన్సుకు వేరే మాస్టారు వచ్చారు. ఆయన అన్ని ప్రశ్నలకూ గైడులోంచి జవాబులు చెప్పేవారు. మాకందరికీ మంచి మార్కులు వచ్చాయి.

ఆదరణ కూడికలో నన్ను మాట్లాడమన్నారు. పదిహేడు రోజుల కథ చెప్పాను. గొడుగు దగ్గర నవ్వారు, కుర్చీ దగ్గర కళ్లు తుడుచుకున్నారు. నాకు సభలో ఎక్కడ ఆపాలో బాగా తెలుసు. పదిహేడో రోజు దగ్గర ఆపేశాను.

భోజనాల దగ్గర నీలం చీర కట్టుకున్న ఒకావిడ వడ్డిస్తూ నా దగ్గర ఆగింది. ‘బాగున్నారా అండి? దయామణినండి’ అంది. భీమడోలులో అంగన్‌వాడీలో చేస్తోందట. టీచరుగారు ఏలూరు వచ్చేశాక పిలిపించి, ఇంట్లో ఉంచుకుని, పదో తరగతి ప్రైవేటుగా రాయించారట. ఆఖరి నెలల్లో ఆవిడ కాళ్లకు తైలం రాసింది కూడా తనేనట. నాన్న? నాన్న పోయి చాలా ఏళ్లైందండి, బస్తాలు మోసీ మోసీ నడుం పోయింది, చేపల చెరువు వైపు మళ్లీ వెళ్లలేదండి అంది. పప్పు వేసింది. నెయ్యి వేసింది. నేను చెప్పిన కథ బాగుందంది.

అప్పుడు చెప్పాను. ఎందుకు అప్పుడో తెలియదు. విస్తరి ముందు కూర్చుని, తలెత్తకుండా, ఇంజనును ఎక్కించిన వాళ్లలో నేనూ ఉన్నానని, యూరియా సంచి కప్పుకుని దాని మీదే కూర్చుని వెళ్లానని, దారంతా పాటలు పాడానని. టీచరుగారు రెండోసారి నిలబడిన రోజు నోటి దాకా వచ్చిందని. ఆ సంగతి తెలియకుండానే ఆవిడ వెళ్లిపోయారని.

దయామణి గరిటెను గిన్నెలో పెట్టింది. పక్క విస్తరి వైపు ఒకసారి చూసి, మళ్లీ నా వైపు తిరిగింది.

‘ఆవిడకు తెలుసు. నువ్వు ఇంజను మీద కూర్చుని వెళ్లడం నేను చూశానని, ఆవిడ రెండోసారి నిలబడ్డ రోజు సాయంత్రమే చెప్పాను.’